రాచపెళ్లి గౌను: వెనక జీరాడే ట్రెయిన్ కుట్టే తీరు

బ్రిటిష్ రాజకుటుంబపు పెళ్లి గౌన్లలో ముందుగా కళ్లు పడేది వెనకాల నేలమీద జీరాడే పొడవాటి గుడ్డ భాగం, అంటే ట్రెయిన్ మీదే. కుట్టినవాళ్ల పరువు తీసేదీ అదే. 1981లో డయానా గౌనుకు డిజైనర్లు ఎమాన్యుయెల్ దంపతులు సిల్కు టఫెటాతో 25 అడుగుల ట్రెయిన్ పెట్టారు. తండ్రితో పాటు గుర్రపు బండిలో సర్దుకుని కూర్చుని వచ్చిన ఆమె సెయింట్ పాల్స్ కేథడ్రల్ దగ్గర దిగేసరికి గౌనంతా ముడతలే. టఫెటా గరగరలాడే బిగువు గుడ్డ, పడిన మడత చేత్తో సవరిస్తే పోదు. 2011లో ప్రిన్స్ విలియంను పెళ్లాడిన కేట్ గౌనుకు డిజైనర్ సారా బర్టన్ శాటిన్ గజార్ అనే పట్టుగుడ్డ వాడి, ట్రెయిన్‌ని 2.7 మీటర్లతో (దాదాపు 9 అడుగులు) ఆపారు.

అందుకే గుడ్డ కొనేముందు ఒక మూలను గుప్పిట్లో నిమిషంపాటు నలిపి వదిలి చూడండి. గీతలు అలాగే నిలిచిపోతే పొడవు తగ్గించుకోండి, లేదా గుడ్డ మార్చండి.

కొలత తీసేటప్పుడు పెళ్లికూతురు పెళ్లినాటి చెప్పులే వేసుకోవాలి. వెనక నడుము నుంచి నేలకు 42 అంగుళాలు, నేలమీద 9 అడుగులు అనుకుంటే మధ్య ముక్కకు 150 అంగుళాల దాకా పడుతుంది. అంచు మడతకు అదనం. పడుగు దారం, అంటే గుడ్డ పొడవునా సాగే దారం, సరిగ్గా వెన్ను మధ్య గీత మీద రావాలి. అది పక్కకు జరిగితే నడిచేటప్పుడు ట్రెయిన్ ఒకవైపుకే లాగుతుంది. అతుకులు పక్క ముక్కల్లోకి నెట్టండి. క్రాస్‌గా, అంటే పడుగుకు ఏటవాలుగా పడిన భాగాలు తమ బరువుకే సాగుతాయి కాబట్టి ఒక రోజంతా వేలాడదీసి, ఆ తర్వాతే అంచు కత్తిరించాలి. ముందు చవక కాటన్‌తో నమూనా కుట్టి మెట్లెక్కించి, వెనక్కి తిప్పించి చూడకపోతే ఈ లోపాలేవీ ముందుగా బయటపడవు.

ఎక్కువమంది పట్టించుకోనిది బరువు. ట్రెయిన్‌ని నడుము కుట్టుకే వేలాడదీస్తే కుట్టు పిగులుతుంది, గౌను పైభాగం వెనక్కి జారుతుంది. లోపల అడ్డగీతలుండే గట్టి గ్రోస్‌గ్రెయిన్ రిబ్బన్‌తో నడుము పట్టీ వేసి, హుక్కులతో బిగించి, బరువంతా దానిమీద మోపండి. అంచు లోపల 4 అంగుళాల వెడల్పున ఆర్గంజా (పలచని, బిగువైన గుడ్డ) పట్టీ వేస్తే చివర ముడుచుకుపోదు.

లేసు అతికించే పనిలో తొందర పనికిరాదు. కేట్ గౌను లేసుకు చేతి ఎంబ్రాయిడరీ నేర్పే రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వాళ్లు 2, 3 మిల్లీమీటర్లకో కుట్టు వేశారు, వెనక ఒక్క ముడి లేకుండా. అరగంటకోసారి చేతులు కడుక్కున్నారు, మూడు గంటలకోసారి సూదులు మార్చారు. చేతి చెమటకు తెల్లదారం మాస్తుంది, మొద్దుబారిన సూది పట్టుపోగును లాగేస్తుంది.

ఇంకా పొడవు కావాలంటే మేలిముసుగుకు ఇవ్వడమే తెలివి. 2018లో ప్రిన్స్ హ్యారీని పెళ్లాడిన మేఘన్ 5 మీటర్ల సిల్కు ట్యూల్ (సన్నని వలగుడ్డ) ముసుగు వేసుకుంది, గౌను మాత్రం సాదాగానే ఉంది. ట్యూల్‌కు బరువు దాదాపు ఉండదు.

కారులో పెళ్లికూతుర్ని ముందు కూర్చోబెట్టి, ట్రెయిన్‌ని నడుము వైపు నుంచి అటూ ఇటూ మడుస్తూ లోపలికి అందించండి. ప్రతి మడతలో తెల్లటి టిష్యూ కాగితపు చుట్ట పెట్టండి. ట్రెయిన్ చివర పైకి ఉండాలి. అప్పుడే దిగేటప్పుడు తోడున్నవాళ్ల చేతికి అది ముందు అందుతుంది.