విజయవాడ బందరు రోడ్డులో గునపం దించే ముందు జాగ్రత్తలు

ముందు కాగితాల పని. రోడ్డు ఏ శాఖదో వాళ్ల అనుమతి, ట్రాఫిక్ పోలీసుల అంగీకారం చేతికి రాకుండా జేసీబీని పిలవకండి.

– దారిని నాలుగు ముక్కలుగా గీసుకోండి: ముందస్తు హెచ్చరిక, లేన్ సన్నబడే చోటు, పని చోటు, మళ్లీ మామూలు దారిలో కలిసే చోటు. రోడ్డు పనుల చోట ట్రాఫిక్ ఎలా నడపాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు (ఐఆర్‌సీ ఎస్‌పీ 55) చెప్పేదీ ఇదే. మనవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది మొదటిది. బోర్డు గొయ్యి పక్కనే పెడితే, బైకు మీద వచ్చేవాడు అది చదివేలోపు గోతిలో ఉంటాడు.

– కోన్‌లు ఏటవాలుగా, కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ పెట్టాలి. బెంజిసర్కిల్ వైపు ఆటోలు సందు కనిపిస్తే చాలు దూరిపోతాయి. కోన్‌ల మధ్య ఆటో పట్టనంత సందే ఉంచండి.

– రాత్రి ఒకసారి బైకు లైటు వెలుగులో బోర్డులు చూడండి. మొన్న మేం చూస్తే అంతా దుమ్మే. తడిగుడ్డతో తుడిస్తే గానీ బాణం గుర్తు మెరవలేదు.

– రెండు చివర్లా జెండా మనుషులు. ఒకరికొకరు కనబడకపోతే వాకీటాకీలు ఇవ్వండి. మే ఎండలో గంటకోసారి మనిషిని మార్చండి. మజ్జిగ ఖర్చు ఎవరూ ఎస్టిమేట్‌లో రాయరు గానీ, రాయాలి.

– పాదచారులకు దారి, అంబులెన్సుకు సందు.

– పని లేని రోజు బోర్డులు కప్పేయండి. రెండు రోజులు ఉత్తుత్తి బోర్డు చూసినవాడు మూడోరోజు నిజం బోర్డునూ లెక్కచేయడు. గొయ్యి తెరిచి ఉంటే మాత్రం బోర్డుగానీ బారికేడుగానీ కదపొద్దు.