ఇంట్లో క్లైంబింగ్ వాల్ కడుతున్నారా? ముందు వెనక వైపు సంగతి చూడండి

ఇంట్లో క్లైంబింగ్ వాల్ కట్టాలనుకోగానే చాలామంది చేసే మొదటి పని హోల్డ్స్, అంటే ఎక్కేటప్పుడు చేతులతో పట్టుకోడానికీ కాళ్లు పెట్టుకోడానికీ గోడకి బిగించే ముక్కలు, కొనెయ్యడం. రంగురంగుల హోల్డ్స్ పెట్టె నిండా వచ్చి మూల కూర్చుంటాయి, గోడ మాత్రం ఆర్నెల్లయినా లేవదు. హోల్డ్స్ ఆఖర్న కొనండి. ఈ పనిలో కొంప ముంచేవన్నీ వెనక వైపే ఉంటాయి, అంటే ఎక్కేటప్పుడు మనకి కనబడని దూలాలు, టీ-నట్లు (హోల్డ్స్ బోల్టులు బిగుసుకోడానికి ప్లైవుడ్ వెనక దిగేసే నట్లు), వాటి మధ్య దూరాలు. ముందు వైపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, వెనక వైపు మాత్రం ప్లైవుడ్ షీటు బిగించేశాక ఇక అంతే సంగతులు.

వాలు ఎంతో తేల్చుకోకుండా ఒక్క కర్ర కూడా కొయ్యొద్దు. క్లైంబర్లు 30 డిగ్రీల బోర్డు (ఎక్కే పలక) అన్నారంటే నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలు ముందుకి వాలిందని అర్థం, నేల నుంచి లెక్క కాదు. ఈ మాట విడమర్చకుండా వడ్రంగికి 30 డిగ్రీలని చెప్పి వదిలేస్తే ఆయన నేల మీంచి కొలిచి దాదాపు పైకప్పులాంటిది తయారు చేసి పెడతాడు, అందులో ఆయన తప్పేం లేదు. 2.44 మీటర్ల పొడవు షీటుని 30 డిగ్రీలు వాలిస్తే ఎత్తు 2.11 మీటర్లకి తగ్గుతుంది, పై అంచు 1.22 మీటర్లు ముందుకి వస్తుంది. 40 డిగ్రీలైతే ఎత్తు 1.87, ముందుకి 1.57. దీనికి కింద కాళ్లు పెట్టుకోడానికి కట్టే నిలువు పలక, అంటే కిక్‌బోర్డు, ఇంకో 30 సెంటీమీటర్లు కలుపుకోండి. పై అంచు ఎక్కడికి వస్తుందో గదిలో సుద్దముక్కతో నేల మీద గీసి చూడండి. ఆ గీత దాటాక కూడా కనీసం ఒకటిన్నర మీటర్ల ఖాళీ కావాలి, ఎందుకంటే ఊపు మీద చెయ్యి జారితే సరిగ్గా బోర్డు కిందే పడతామన్న గ్యారంటీ లేదు.

ఒకే వాలు పెట్టుకునేవాళ్లకి 30 చాలు అంటాను. క్లైంబర్లలో బాగా పేరున్న రెడీమేడ్ డిజైన్ మూన్‌బోర్డు 40 డిగ్రీలది కదా అని చాలామంది అదే పట్టుకుంటారు, కానీ వాళ్లే తర్వాత 25 డిగ్రీల సెటప్ కూడా తెచ్చారు, ఎందుకు తెచ్చారో 40 మీద ఒకసారి వేలాడితే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇక ఫ్రేమ్. ఇంటి గోడకే బిగిద్దామని అందరికీ అనిపిస్తుంది. గట్టి కాంక్రీటయితే పర్వాలేదు, యాంకర్ బోల్టులు పట్టుకుంటాయి. బోలు ఇటుకకీ, జిప్సం గోడకీ, ఫాల్స్ సీలింగ్‌కీ మాత్రం ఆ పని అప్పగించొద్దు. పైగా డ్రిల్ చేసే చోట గోడలో కరెంటు వైర్లూ నీళ్ల పైపులూ ఉన్నాయేమో చూసుకోవాలి, అద్దె ఇల్లయితే ఓనర్‌తో ఆ గొడవ వేరే. అందుకే దానంతట అదే నిలబడే ఫ్రేమ్ మేలు. నేల మీద రెండు పక్కలా రెండు పొడవాటి దూలాలు, వాటి వెనక చివర నుంచి వాలుగా లేచే బోర్డు, ముందుకి వచ్చిన పై అంచుని మోయడానికి రెండు పక్కలా రెండు బలమైన కాళ్లు. పక్క నుంచి చూస్తే త్రికోణం కనబడాలి. నేల దూలాలు పై అంచు కన్నా ఇంకో అడుగు ముందుకి ఉండాలి, లేకపోతే పైన వేలాడినప్పుడు మొత్తం మీ మీదకి తూలుతుంది. కీళ్ల దగ్గర స్క్రూలని నమ్మొద్దు, ఈ వైపు నుంచి ఆ వైపుకి పూర్తిగా పోయే 12 ఎంఎం బోల్టులు, రెండు వైపులా వాషర్లు వెయ్యండి. ముఖ్యంగా నల్లటి జిప్సం స్క్రూలు వాడొద్దు, అవి పెళుసు, వంగకుండా టక్కున విరుగుతాయి.

బోర్డు వెనక నిలువు దూలాలు 5 × 15 సెంటీమీటర్లవి పెట్టండి. 5 × 10 పెట్టినా నిలబడుతుందేమో గానీ ఊగుతుంది, ఊగే గోడ మీద నమ్మకంగా గెంతలేం.

ప్లైవుడ్ 18 ఎంఎం, అంతకన్నా పల్చనిది వద్దు. షీటు 244 × 122 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్లకొక రంధ్రం చొప్పున గళ్లు గీస్తే అడ్డంగా 6, నిలువుగా 12, మొత్తం 72 వస్తాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తాను, జాగ్రత్తగా చూడండి. అడ్డంగా మొదటి రంధ్రం అంచు నుంచి 11 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెడితే తర్వాతవి 31, 51, 71, 91, 111 దగ్గర పడతాయి. రెండు దూలాల నడిమి గీతలు 41, 81 దగ్గరకి వచ్చేలా పెట్టి, రెండు అంచుల్లో ఒక్కోటి పెడితే ఒక్క రంధ్రం కూడా దూలం మీద పడదు. ఈ లెక్క చూసుకోకుండా ముందు ఫ్రేమ్ కట్టేసి తర్వాత రంధ్రాలు గీస్తే ఒక వరస మొత్తం దూలానికి తగులుతుంది, అక్కడ టీ-నట్ వెయ్యలేం.

రంధ్రాలు ఎక్కే వైపు నుంచే డ్రిల్ చెయ్యండి, పేళ్లు లేచేది బిట్టు బయటికొచ్చే వైపు కాబట్టి ఆ గరుకంతా వెనక్కి పోతుంది. కింద పనికిరాని చెక్క ఒకటి వేస్తే అది కూడా తగ్గుతుంది. 10 ఎంఎం బోల్టుకి సరిపోయే టీ-నట్‌కి మామూలుగా 12 ఎంఎం బిట్టు సరిపోతుంది, అయినా ముందు ఒక ముక్క మీద చేసి చూడండి. నట్టు చేత్తో తోస్తే వదులుగా జారిపోకూడదు, సుత్తి దెబ్బ అడగాలి.

టీ-నట్లలో రెండు రకాలు: కోరలున్నవి సుత్తితో కొట్టేవి, గుండ్రటి అంచుకి చిన్న చిన్న స్క్రూలు వేసేవి. నేను మొదటిసారి కోరలవే కొన్నాను, హడావుడిలో కొన్ని వంకరగా దిగాయి, కనబడదులే అనుకున్నాను. అది చాలదన్నట్టు అందం కోసం బోర్డు పక్కలు రెండూ ప్లైతో మూసేశాను. రెండు నెలల తర్వాత ఒక హోల్డు కదులుతోందని యాలెన్ కీ పెట్టి తిప్పితే బిగుసుకోలేదు. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు, లోపల ఎలుక చెక్క కొరుకుతున్నట్టు కరకరమని చప్పుడు. నట్టు కోరలు ఊడిపోయి బోల్టుతో పాటే గిర్రున తిరుగుతోంది, ఇక బిగించడానికీ రాదు, విప్పడానికీ రాదు. చివరికి అంత ముచ్చటగా మూసిన పక్క పలకని రంపంతో కోసి, భుజం దాకా చెయ్యి దూర్చి, పట్టకారుతో నట్టుని పట్టుకుంటే గానీ ఆ హోల్డు రాలేదు. కాబట్టి స్క్రూల రకమే కొనండి. షీటు ఎత్తకముందే 72 నట్లలోనూ ఒక్కొక్క దాంట్లో బోల్టు ఎక్కించి దించి చూడండి, గంట పని, బోర్ కొడుతుంది, అయినా చెయ్యండి. వెనక్కి ఒక మనిషి దూరే దారి ఎప్పటికీ ఉంచుకోండి.

షీటు 30 కిలోలు దాటుతుంది, ఒక్కరే ఎత్తే సాహసం వద్దు. ఫ్రేమ్ మీద పెట్టాక 60 ఎంఎం స్క్రూలు అంచుల్లో 15 సెంటీమీటర్లకొకటి, మధ్య దూలాల మీద 30కొకటి వేస్తే సరిపోతుంది. ఇసుక కలిపిన పెయింటు వేస్తారు కొందరు, నాకు నచ్చదు, మోకాళ్లు గీరుకుపోవడం తప్ప ఇంట్లో దాంతో ఒరిగేదేం లేదు.

హోల్డ్స్ కన్నా ముందు పరుపులు. 20 నుంచి 30 సెంటీమీటర్ల మందం ఉండాలి, రెండు పరుపుల మధ్య సందు ఉండకూడదు, చీలమండలు మెలికపడేది ఆ సందుల్లోనే. సందులు కప్పేలా పైన ఒక మందపాటి కార్పెట్ పరిచేస్తే బాగుంటుంది. ఫ్రేమ్ కాళ్లకీ నేల దూలాలకీ కూడా ఫోమ్ చుట్టండి.

హోల్డ్స్‌లో సగం పెద్ద జగ్గులు, అంటే చెయ్యి మొత్తం పట్టే సులువైన హోల్డ్స్, తీసుకోండి, మిగతావి చిన్నవి. కొన్ని చెక్కతో మీరే చేసుకోవచ్చు, అంచులు గుండ్రంగా ఎమరీ పేపర్ పట్టి వార్నిష్ వెయ్యకుండా వదిలేస్తే వేళ్ల చర్మానికి ప్లాస్టిక్ కన్నా హాయి. ప్రతి హోల్డుకీ బోల్టుతో పాటు పక్కన ఒక చిన్న స్క్రూ కూడా వెయ్యండి, లేకపోతే చెయ్యి వేసిన క్షణంలో గిర్రున తిరగొచ్చు. ఇంట్లోనే ఉంది కదా అని రోజూ ఎక్కొద్దు, కండలు వారాల్లో బలపడతాయి గానీ వేళ్లలో కండరాల్ని ఎముకలకి కలిపే స్నాయువులకి నెలలు పడుతుంది.

కొత్త కర్ర ఆరేకొద్దీ కొంచెం కుంచించుకుపోతుంది. మొదటి వారం అయ్యాక ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి స్పానర్ పట్టుకుని వెనక్కి దూరి ప్రతి బోల్టూ బిగించండి. కిర్రుమని చప్పుడొచ్చే కీలు ఏదో అప్పుడే తెలుస్తుంది, ఒకరు ముందు వేలాడుతుంటే ఇంకొకరు వెనక చెవి పెట్టి వినాలి.