విమానం ఎక్కేలోపు

విదేశీ కళాకారులు చేసిన శిల్పమో బొమ్మో మీ మ్యూజియంకి తీసుకోవాలనుకుంటే, ముందు వాళ్ల తిరుగు టికెట్టు తేదీ అడగండి. డబ్బు సంగతి తర్వాత. వాళ్ల సంతకం కావాల్సిన ప్రతి పనీ ఆ తేదీలోపు అయిపోవాలి. ఆ తర్వాత మీ చేతిలో మిగిలేది ఈమెయిలే, దానికి జవాబు వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

నేను ఇరవై రెండేళ్లు ఒక మ్యూజియంలో, వస్తువుల రికార్డులు చూసే రిజిస్ట్రార్ సెక్షన్‌లో పనిచేశాను. రిటైరై ఒంగోలు వచ్చాక, ఇక్కడి చిన్న ట్రస్టు మ్యూజియం వాళ్లు "కాస్త రిజిస్టర్లు చూసిపెట్టండి సార్" అంటే పోతున్నాను. పోయిన చలికాలం పోలండు నుంచి ఒక శిల్పి వచ్చారు. కర్నూలు రోడ్డులో చీమకుర్తి దగ్గర ఒక ఫ్యాక్టరీ షెడ్డులో మూడు వారాలు కూర్చుని గెలాక్సీ గ్రానైటు మీద పనిచేశారు. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే ఆ రాయి కోసమే అంత దూరం నుంచి వచ్చారావిడ. వెళ్లే వారం ముందు "ఇది మీరే ఉంచుకోండి" అన్నారు. మా ట్రస్టు పెద్దాయనకు సంతోషం పట్టలేదు. "ఇస్తానంటే తీసుకోడమే గదా సారూ, దానికిన్ని కాగితాలేంది?" అన్నారు. ఆ కాగితాలేందో చెబుతాను.

అన్నిటికన్నా ముందు, అది మీకు కావాలో వద్దో తేల్చుకోండి. పేరున్న విదేశీయుడు ఇచ్చాడని తీసుకుని, తర్వాత మెట్ల కింద పెట్టిన వస్తువులు నేను చాలా చూశాను. సాలార్‌జంగ్ మ్యూజియంలోని మేలిముసుగు రెబెకా పాలరాతి శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో చూసి ముచ్చటపడి కొనేశాడు. నవాబు కాబట్టి చెల్లింది. మనకి ముగ్గురో నలుగురో ఉన్న కమిటీ కావాలి, ఎందుకు తీసుకుంటున్నామో ఒక పేరా రాసి, అందరూ సంతకం పెట్టిన మినిట్స్ కావాలి. మేం రాసుకున్నది ఒకటే వాక్యం: మన జిల్లా రాయి మీద బయటి చెయ్యి ఏం చేసిందో చూపించే వస్తువు మన దగ్గర ఇంకోటి లేదు.

తర్వాత అడగాల్సింది, పని ఇక్కడ చేసిందా, బయటి దేశం నుంచి పెట్టెలో వచ్చిందా అని. పెట్టెలో వచ్చిందంటే కస్టమ్స్ ఉంటుంది. ప్రదర్శన కోసం తెచ్చేవి చాలాసార్లు ఏటీఏ కార్నెట్ అనే పత్రం మీద సుంకం కట్టకుండా వస్తాయి. ఆ పత్రం గడువు ఎక్కువలో ఎక్కువ ఏడాది. అంటే ఆ వస్తువు తిరిగి వెళ్తుందన్న హామీ మీదే లోపలికి వచ్చిందన్నమాట. దాన్ని మీరు ఊరికే గోడకి తగిలించుకుంటే ఆ హామీ తప్పినట్టే. అట్టిపెట్టుకోవాలంటే సుంకం కట్టి, సరైన పద్ధతిలో దిగుమతి చేసుకోవాలి. మ్యూజియంలో ప్రదర్శనకి తెచ్చేవాటికి మినహాయింపు ఏమన్నా వర్తిస్తుందేమో కస్టమ్స్ బ్రోకర్ని ముందే అడగండి, వస్తువు వచ్చాక కాదు.

మాది ఇక్కడే పుట్టింది కాబట్టి కస్టమ్స్ గొడవ లేదు. కానీ ఇంకో చిక్కు ఉంది. పని ఆవిడది, మరి రాయి? బ్లాకు ఫ్యాక్టరీ యజమానిది. ఆయన మంచి మనిషే, "ఎట్టాగూ పక్కన పడేసిన ముక్క గదా" అని నవ్వేశారు. నేను నవ్వలేదు. రాయి తన ఇష్టపూర్వకంగా ఇచ్చానని, దానితో చేసిన శిల్పం మీద తనకి ఏ హక్కూ లేదని లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాను. నాలుగు లైన్లు. రేపు ఆయన పిల్లలు వ్యాపారం పంచుకునేటప్పుడు ఆ నాలుగు లైన్లే మాట్లాడతాయి.

ఇక దానమా, కొనుగోలా? ఇక్కడే చాలా చిన్న మ్యూజియంలు పప్పులో కాలేస్తాయి. మనవాళ్లు ఇస్తే, దానం ఇచ్చిన మనిషి బతికుండగానే మీరు ఒప్పుకున్నట్టు కాగితం ఉండాలి, వస్తువు మీ చేతికి రావాలి, అంతే. విదేశీయులు ప్రైవేటు ట్రస్టుకి వస్తువు దానం ఇస్తే అది ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందకి వస్తుంది. ఆ చట్టంలో విదేశీ విరాళం అంటే డబ్బు ఒక్కటే కాదు, వస్తువు కూడా. రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా తీసుకోకూడదు. మా ట్రస్టుకి అవేవీ లేవు. ఆడిటర్ని అడిగితే "కొనుక్కోండి" అన్నారు. ఒక్క రూపాయికి కొన్నట్టు రాద్దామని ఒకరు సలహా ఇచ్చారు. అట్లాంటి తెలివితేటలు వద్దు. ఆవిడ ఇంతకుముందు అమ్మిన అదే సైజు పనుల బిల్లులు రెండు చూపించారు, ఆ లెక్కన ధర వేసుకుని, టీడీఎస్ పట్టి, బ్యాంకు ద్వారా పంపాం. వీసా కాపీ కూడా ముందే ఆడిటర్‌కి చూపించాం. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడ డబ్బు తీసుకుని పని చేయకూడదు.

పురావస్తు శాఖలో రిజిస్టర్ చేయించాలా అని నన్ను చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. పురావస్తువులు, కళానిధుల మీద వచ్చిన 1972 చట్టంలో పురావస్తువు అంటే సాధారణంగా 100 ఏళ్లు నిండింది. కళానిధిగా ప్రకటించాలన్నా కళాకారుడు బతికుండకూడదు. రష్యాలో పుట్టి కులూ లోయలో స్థిరపడిన నికొలస్ రోరిక్ బొమ్మలు ఆ జాబితాలో ఉన్నాయి, ఆయన 1947లో పోయారు.

ఒప్పంద పత్రంలో అందరూ మర్చిపోయేది కాపీరైటు. వస్తువు కొన్నంత మాత్రాన కాపీరైటు మీకు రాదు. శిల్పం జనం చూసేచోట శాశ్వతంగా ఉంటే దాని ఫొటో వేసుకోవడానికి చట్టమే ఒప్పుకుంటుంది, పెయింటింగుకి ఆ వెసులుబాటు లేదు. చిన్న నకళ్లు చేసి అమ్మాలన్నా విడిగా హక్కు రాయించుకోవాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటారు, ఏ దేశాలకో రాయకపోతే ఇండియాకే అనుకుంటారు. మేం క్యాటలాగు, పోస్టర్లు, వెబ్‌సైట్ అని పేరుపేరునా రాసి, కాపీరైటు ఉన్నంతకాలం, అన్ని దేశాలకు అని చేర్చాం. నకళ్లకి ఆవిడ ఒప్పుకోలేదు, అది కూడా రాశాం.

డబ్బిచ్చాక అది మన ఇష్టం అనుకునేవాళ్లకి ఒక కేసు చెబుతుంటాను. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి స్టోరులో పడేశారు, ముక్కలు పాడయ్యాయి. చేయించుకున్నది ప్రభుత్వమే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగిచ్చేయమంది, 5 లక్షల పరిహారమూ వేసింది. పనిని ప్రదర్శించకుండా లోపల పెట్టుకుంటే తప్పు లేదు, పాడుచేస్తే మాత్రం తప్పు.

కాగితాలకన్నా నాకు ఇష్టమైన భాగం కళాకారుడితో ఒక గంట కూర్చోవడం. ఇది తప్పక చేయండి, ఫోన్లో రికార్డు చేయండి. నేను పనిచేసిన చోట ఒకసారి ఒక విదేశీ అతిథి గీసిన చార్‌కోల్ బొమ్మకి అడుగున ఉన్న మసి మరకని మావాళ్లు మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచేశారు. ఆ మరక ఆయన అరచేతిది, కావాలని పెట్టింది. అప్పటికి ఆయన ఊరెళ్లి నెలైంది. అందుకే ఈ శిల్పం దగ్గర కూర్చుని వేలు పెట్టి చూపిస్తూ అడిగాను: ఇక్కడ పాలిష్ లేదే, మర్చిపోయి వదిలేశారా, కావాలనే వదిలారా? డ్రిల్లు పడిన గాడి ఒకటి, వేలు పట్టేంత వెడల్పు, ఒక పక్కన నిలువునా ఉంది. క్వారీలో పడింది అది. "దాన్ని ముట్టుకోవద్దు, అది మేస్త్రీ సంతకం" అన్నారావిడ. నూనె రాయొద్దు, మైనం రాయొద్దు, పొడిగుడ్డ చాలు అన్నారు. నిలబెట్టాలా పడుకోబెట్టాలా అంటే, పడుకోబెట్టి, సన్నటి కొస కిటికీ వైపు అని చెప్పి చాక్‌పీసుతో బొమ్మ గీసిచ్చారు. ఆ కాగితం కూడా ఫైల్లో ఉంది.

బరువు ముందే లెక్కేసుకోండి. ఈ రాయి ఘనపు మీటరు దాదాపు 3 టన్నులు. మాది గుండ్రటిది, 90 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల మందం, అంటే 340 కిలోల దాకా. పైఅంతస్తు ఆలోచన అక్కడికక్కడే మానుకున్నాం. హైడ్రా క్రేన్‌తో ఎత్తేటప్పుడు గొలుసు వద్దు, బెల్టులే వాడమని డ్రైవర్‌కి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

వస్తువు లోపలికి రాగానే నాలుగువైపులా ఫొటోలు తీసి, ఉన్న గీతలూ పెచ్చులూ కండిషన్ రిపోర్టులో రాసి, ఆవిడ చేతే సంతకం పెట్టించాం. ఆక్సెషన్ నంబరుకి, అంటే రిజిస్టర్లో ఆ వస్తువుకిచ్చే నంబరుకి, ఏడాది, ఆ ఏడాదిలో ఎన్నో రాక, అందులో ఎన్నో వస్తువు అని వరసగా రాయండి. నంబరు నేరుగా రాయి మీద రాయకూడదు. అడుగుభాగంలో పారలాయిడ్ బీ-72 అనే పారదర్శక రెసిన్ పూత వేసి, ఆరాక దాని మీద ఇంకుతో రాసి, పైన మళ్లీ ఒక పూత. కావాలంటే తుడిచేయవచ్చు, రాయికి ఏమీ కాదు.

చివరికి రిజిస్టర్లో పేరు గడి మిగిలింది. ఆవిడ పోలిష్‌లో ఏదో అనుకున్నారట. షెడ్డులో పనివాళ్లు మాత్రం మొదటిరోజు నుంచీ "మేడం పొత్రం" అనే పిలిచారు, రుబ్బురోలు పొత్రంలాగే ఉందని. ఆ మాటకి అర్థమేంటని నన్నడిగారు. చెప్పాను. కాసేపు ఆలోచించి, పెన్ను తీసుకుని, నేను పక్క కాగితం మీద రాసిచ్చిన అక్షరాలు చూస్తూ, రిజిస్టర్లో తనే తెలుగులో రాశారు. సున్నా కొంచెం పైకి పోయింది. తెల్లారి నాలుగింటికి చెన్నై కారు.