వరికోత మిషన్ మడిలోకి దిగే ముందు

కర్నూలు కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద సోనా వరి కోతకొచ్చిందంటే మిషన్ దొరకడమే గగనం. దొరికింది కదా అని తొందరపడకండి.

- ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. ట్రాలీలోకి వడ్లు పోసే గొట్టం తీగకు తగిలితే ప్రాణమే పోతుంది. ట్రాలీని తీగల కింద ఆపొద్దు.
- గడ్డి చుట్టుకుని కట్టర్ ఆగిందా? ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే చేయి పెట్టాలి. ఇంజిన్ ఆగినా లోపల డ్రమ్ము, బెల్టులు కాసేపు తిరుగుతూనే ఉంటాయి, అవీ ఆగేదాకా ఆగండి. మెడలో తువ్వాలు, వేలాడే చీర కొంగు దగ్గరికి రానివ్వొద్దు. అన్నిటికన్నా నాకు భయం ఇక్కడే.
- సైలెన్సర్ దగ్గర పేరుకున్న పొట్టు ఊడ్చేయండి, నిప్పంటుకుంటుంది.
- పిల్లలు గట్టు దిగకూడదు.
- మంచు ఆరాకే కోయండి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ.