మిద్దె మీద సింటెక్స్ పెట్టేముందు భూకంపం సంగతి కూడా చూసుకోండి

ఎండాకాలం తిరుపతిలో వాటర్ ట్యాంకర్ వెనకాల బండి మీద పోయినోళ్ళకి ఇందులో సగం తెలిసినట్టే. లీలామహల్ సర్కిల్ దగ్గర డ్రైవర్ బ్రేక్ కొడతాడు, ట్యాంకర్ ఆగిపోతాది, లోపల నీళ్ళు ఆగవు, ముందుకి పోయి గోడకి కొట్టుకుని తిరిగొచ్చి పై మూతలోంచి దబ్బున మన మీద పడతాయి. భూకంపంలోనూ అంతే, కాకపోతే ఆ కుదుపు కింద నుంచి వస్తాది, ఆగకుండా వస్తాది.

నీళ్ళన్నీ ఒకేలా కదలవు. అడుగున ఉండేవి గోడకి అతుక్కున్నట్టు ట్యాంకుతో పాటే పోతాయి, పైవి మాత్రం తీరిగ్గా అటూ ఇటూ తూగుతాయి. 1960 చిలీ భూకంపంలో ఓవర్‌హెడ్ ట్యాంకులు దెబ్బతిన్నాక హౌస్నర్ అనే ఇంజనీర్ 1963లో వాటి లెక్క ఇలా రెండు భాగాలు చేసే వివరించాడు. మన వెయ్యి లీటర్ల ట్యాంకులో నీళ్ళు ఒకసారి అటుపోయి ఇటు రావడానికి సుమారు ఒక సెకను, 60 మీటర్ల వెడల్పు ఆయిల్ ట్యాంకులో అయితే 8, 9 సెకన్లు. అందుకే 2003లో జపాన్ తోమకొమాయిలో, భూకంపం ఎక్కడో దూరంగా సముద్రంలో వచ్చినా, ఈ తూగుడుకి కలిసొచ్చేట్టు నేలని నిదానంగా ఊపే భూకంప తరంగాలకే ఆయిల్ ట్యాంకులు తగలబడ్డాయి.

సరే, మన మిద్దెకి వద్దాం. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, పైగా ఇల్లు ఊగేటప్పుడు కింది కంటే పైన ఎక్కువ ఊగుతాది. కాబట్టి ట్యాంకుని పిట్టగోడ పక్కన, స్లాబు నడిమధ్యన వద్దు, కింద పిల్లర్లు, బీములు ఎక్కడున్నాయో చూసి వాటి మీదకి తెండి.

అసలు తప్పంతా దిమ్మె దగ్గరే. మా ఇంట్లో మేస్త్రీ హాలో బ్లాకులు రెండు వరసలు ఉత్తగా పేర్చి, మధ్యలో సందు వదిలి, పైన ట్యాంకు కూర్చోబెట్టి పోయినాడు. ఒకరోజు పాచి కడగడానికి ఎక్కి ట్యాంకుకి భుజం ఆనిస్తే కింద బ్లాకు గరగరమని జరిగింది, గుండె జారిపోయింది నాకు! మనిషి ఆనుకుంటేనే ఇట్లుంటే ఇంక భూమి ఊగితే? మళ్ళీ పగలగొట్టి, సిమెంటుతో కట్టి, పైన కడ్డీలేసి స్లాబు పోయించినాను. ట్యాంకు అడుగు మొత్తం ఆనాలి, సందు ఉండకూడదు. చుట్టూ నాలుగంగుళాల అంచు కూడా లేపండి, జారదు. ఎత్తు కావాలంటే పిల్లర్లు లేపి అడ్డంగా బీములతో కలపాలి, ఒక్క కాండం మీద నిలబెట్టడం వద్దు, 2001 భుజ్ భూకంపంలో ఒకే గుండ్రటి షాఫ్ట్ (లావు స్తంభం) మీద కట్టిన ఓవర్‌హెడ్ ట్యాంకులకి అడుగున పగుళ్ళొచ్చాయి.

తర్వాత పైపు. ట్యాంకు కొంచెం కదిలినా ముందు విరిగేది అవుట్‌లెట్ దగ్గర బిగుతుగా ఉండే పైపే. వాల్వు ట్యాంకుని ఆనుకునే పెట్టించండి, దాని తర్వాత అడుగు పొడవు ఫ్లెక్సిబుల్ పైపు కాస్త లూజుగా వదలమని ప్లంబర్‌కి చెప్పండి, వాళ్ళు వద్దు సార్ అవసరం లేదంటారు, వినొద్దు.

నిండుగా పెట్టాలా సగమా అని అడుగుతారు. నిండితే బరువు ఎక్కువ, సగమైతే తూగుడు ఎక్కువ, ఇంజనీర్లు నిండుకీ ఖాళీకీ రెండిటికీ లెక్కేస్తారు, మీరు దిమ్మె చూసుకోండి చాలు.

ఊగేటప్పుడు మాత్రం ట్యాంకు ఏమైందోనని మిద్దెక్కొద్దు. ఆగినాక, ఇల్లు బాగుందనిపిస్తేనే ఎక్కి ముందు వాల్వు కట్టేసి దిమ్మె చుట్టూ తడి ఉందేమో చేత్తో తడిమి చూడండి.