అన్‌లాక్డ్ ఫోన్ కొనేముందు: ఏ తాళం తీశారో అడగండి

అన్‌లాక్డ్ ఫోన్ కొనేటప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ సిమ్ వేసినా పనిచేస్తుందా?" అమ్మేవాళ్లు చెప్పే జవాబూ ఒకటే: "పనిచేస్తుంది." ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఫోన్‌కి ఉండే తాళం ఒకటి కాదు. ఒకటి తీసి ఉన్నంత మాత్రాన మిగతావీ తీసి ఉన్నట్టు కాదు.

నెట్‌వర్క్ కంపెనీ ఫోన్‌ని తక్కువ ధరకో వాయిదాల మీదో ఇచ్చినప్పుడు, తన సిమ్ తప్ప వేరేది తీసుకోకుండా బిగించి ఇస్తుంది. అది సిమ్ లాక్. ప్రతి సిమ్‌లోనూ దేశాన్నీ నెట్‌వర్క్‌నీ తెలిపే అంకెలు ఉంటాయి. లాక్ ఉన్న ఫోన్ వాటిని చూసి, తన కంపెనీవి కాకపోతే సిమ్‌ని తిప్పికొడుతుంది. అన్‌లాక్డ్ అని మనం అనేది ఈ తాళం లేని ఫోన్‌ని. కెనడాలో 2017 డిసెంబర్ నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబర్ నుంచి కంపెనీలు లాక్ చేసిన ఫోన్లు అమ్మకూడదు. అమెరికాలో ఇప్పటికీ అమ్ముతున్నారు. కాబట్టి ఫోన్ మొదట ఏ దేశంలో, ఎవరి దగ్గర అమ్ముడుపోయిందో అడగడం చాదస్తమేమీ కాదు.

రెండోది ఖాతా తాళం. ఐఫోన్లలో 2013 నుంచి యాక్టివేషన్ లాక్ ఉంది. ఆండ్రాయిడ్‌లోనూ రీసెట్ చేశాక పాత గూగుల్ ఖాతా అడిగే ఏర్పాటు ఉంది. పాత యజమాని పాస్‌వర్డ్ లేకపోతే ఆ ఫోన్ ఎన్నిసార్లు రీసెట్ చేసినా తెరుచుకోదు. ఇక బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ చేయగానే సాఫ్ట్‌వేర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ అని ఇంకొకటి కనిపిస్తుంది. దానికీ సిమ్‌కీ సంబంధమే లేదు. సొంతంగా సాఫ్ట్‌వేర్ మార్చుకునేవాళ్లు చేసుకునే పని అది. అలాంటి ఫోన్‌లో కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. అది మీ పని కాకపోతే ఆ ఫోన్ జోలికి పోవద్దు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఫోన్‌లో కనిపించనే కనిపించదు. దొంగతనానికి గురైన ఫోన్‌ని, కొన్నిచోట్ల వాయిదాలు ఎగ్గొట్టిన ఫోన్‌ని కూడా, నెట్‌వర్క్ కంపెనీలు ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఆధారంగా బ్లాక్‌లిస్ట్‌లో పెడతాయి. సిమ్ లాక్ లేకపోయినా ఇది ఉంటే ఫోన్‌కి సిగ్నల్ రాదు. ఈరోజు బాగానే పనిచేసి, పాత యజమాని వాయిదా కట్టడం మానేశాక బ్లాక్ అయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే "వాయిదాలు ఇంకా ఉన్నాయి, నేను కట్టేస్తాలెండి" అన్న మాట వినగానే ఆ బేరం వదిలేయడమే మంచిది.

డయలర్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లుంటాయి. తెర మీది నంబర్, సెట్టింగ్స్‌లోది, డబ్బా మీది, బిల్లు మీది అన్నీ ఒకటే కావాలి. మొదటి 8 అంకెలు మోడల్‌ని చెబుతాయి. ఐఎంఈఐ వెతికే సైట్‌లో వేసినప్పుడు మీ చేతిలో ఉన్న మోడల్ కాక ఇంకేదో వస్తే, మదర్‌బోర్డ్ మార్చారనో నంబర్ దిద్దారనో అనుమానించాల్సిందే. బ్లాక్‌లిస్ట్ సంగతి మాత్రం మీ నెట్‌వర్క్ కంపెనీనో, మీ దేశంలో దీనికోసం ప్రభుత్వం నడిపే సేవ ఉంటే దాన్నో అడిగి తేల్చుకోండి.

ఐఫోన్ అయితే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి కిందికి జరిపితే క్యారియర్ లాక్ అన్న వరుస ఉంటుంది. దాని ఎదురుగా నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని ఉండాలి. అది చూసి ఆగిపోకండి, సిమ్ ట్రే బయటికి లాగి చూడండి. లాక్ ఉన్న ఫోన్‌ని మాయచేయడానికి సిమ్ మీద కాగితమంత పల్చటి చిప్ అతికిస్తారు. గోటితో కదిపితే పొరలా లేస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిందంటే ఆ మాయ పోయి లాక్ మళ్లీ మొదటికొస్తుంది. ఆ పొర కనిపిస్తే అది అన్‌లాక్డ్ ఫోన్ కాదు, ఎంత తక్కువకిచ్చినా సరే.

తర్వాత మీ సిమ్ వేయండి. వీలైతే రెండో కంపెనీ సిమ్ కూడా వేసి చూడండి. సిగ్నల్ గీతలు కనిపించడం సరిపోదు. కాల్ చేయండి, మీకు చేయించుకోండి, ఒక నిమిషం మాట్లాడండి, వైఫై ఆపి ఏదైనా వెబ్ పేజీ తెరవండి. ఇవన్నీ అయ్యాకే పాత యజమాని చేత ఖాతా తీయించి, మీ ఎదుటే రీసెట్ చేయించి, ఎవరి పాస్‌వర్డూ అడగకుండా హోమ్ స్క్రీన్ వచ్చేదాకా ఆగండి. అప్పుడు డబ్బు ఇవ్వండి. "తొందరగా వెళ్లాలండీ" అనే మనిషిని వెళ్లనివ్వండి.

లాక్ లేని ఫోన్ కూడా మీ నెట్‌వర్క్‌లో సరిగ్గా నడవకపోవచ్చు. ఒక్కో దేశంలో కంపెనీలు వాడే బ్యాండ్‌లు, అంటే సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలు, వేరు. పాత రెండో తరం నెట్‌వర్క్‌లకి అమెరికా ఖండాల్లో 850, 1900 మెగాహెర్ట్జ్, యూరప్, ఆసియాల్లో ఎక్కువగా 900, 1800 వాడేవారు. 4జీ, 5జీ వచ్చాక ఈ తేడాలు ఇంకా పెరిగాయి. మీ కంపెనీ వాడే బ్యాండ్ ఫోన్‌లో లేకపోతే ఇంటి లోపలికి రాగానే సిగ్నల్ పడిపోవచ్చు. పైగా 2జీ, 3జీ రెండూ ఆపేసిన చోట, వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే ఏర్పాటు) లేకపోతే నెట్ వస్తుంది గానీ కాల్ కలవదు. వోల్టీ అయితే ఫోన్‌లో ఉంటే చాలదు, ఆ మోడల్‌ని మీ కంపెనీ ఒప్పుకోవాలి కూడా. మోడల్ నంబర్ పూర్తిగా, చివరి అక్షరంతో సహా రాసుకుని కంపెనీ సైట్‌లో సరిచూడండి. ఒకే పేరుతో అమ్మే ఫోన్‌లో దేశాన్ని బట్టి లోపలి భాగాలు మారతాయి. ఉదాహరణకి, 2022లో వచ్చిన ఐఫోన్ 14 అమెరికా మోడల్‌కి సిమ్ ట్రేనే లేదు, కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే ఈసిమ్ మాత్రమే.

లాక్ ఉన్న ఫోన్ ఇప్పటికే మీ దగ్గరుంటే, ముందు దాన్ని అమ్మిన నెట్‌వర్క్ కంపెనీనే అడగండి. బాకీ లేకుండా, వాళ్ల గడువు పూర్తయితే చాలాచోట్ల ఉచితంగానే తీస్తారు. నెట్‌లో అన్‌లాక్ కోడ్ అమ్ముతామనేవాళ్లకి ముందే డబ్బు పంపొద్దు. ఐఎంఈఐ అడిగితే సరే, ఖాతా పాస్‌వర్డ్, ఓటీపీ అడిగితే మాట్లాడటం ఆపేయండి. దొరికిన కోడ్‌నల్లా కొట్టి చూడటమూ ప్రమాదమే. కొన్ని ఫోన్లు కొన్ని తప్పుల తర్వాత కోడ్ తీసుకోవడమే మానేస్తాయి.

వేరే దేశం నుంచి తెప్పించుకుంటే వారంటీ మీ దేశంలో చెల్లుతుందో లేదో కొనకముందే అడగండి. ఎక్కడ కొన్నా, ఐఎంఈఐ నంబర్ వేసిన బిల్లు లేకుండా ఫోన్ తీసుకోవద్దు. మనిషి నుంచి మనిషి కొనేటప్పుడైతే తెల్లకాగితం మీద నంబర్, తేదీ, ఇద్దరి సంతకాలు పెట్టుకున్నా చాలు. దాన్ని ఫొటో తీసి, ఆ ఫోన్‌లో కాకుండా ఇంకెక్కడైనా దాచండి.