కట్టెల మంటతో ఇంటి కరెంటు: స్టిర్లింగ్ ఇంజన్ అమర్చుకునే విధానం

స్టిర్లింగ్ ఇంజన్ అంటే లోపల మూసి ఉంచిన వాయువును ఒక వైపు వేడిచేసి, మరో వైపు చల్లార్చితే, దాని వ్యాకోచ సంకోచాలతో తిరిగే యంత్రం. మంట తగిలే వైపును ఇంజన్ తల అంటాను. దాన్ని కొనడానికి ముందు ఒక లెక్క వేసుకోవాలి. బాగా ఎండిన కిలో కట్టె సుమారు 4 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడినిస్తుంది. అందులో సగం ఇంజన్ తలకు చేరి, అందులోనూ 15 శాతమే చలనంగా మారి, జనరేటర్‌లో పోయేది పోగా, చివరికి చేతికందే కరెంటు పావు యూనిట్. అంటే రోజుకు 3 యూనిట్లు వాడే ఇంటికి 12 కిలోల కట్టెలు కావాలి. మిగిలిన వేడితో వేరే అవసరమేదీ లేని ఇంట్లో ఈ ఏర్పాటు చేయవద్దని నా గట్టి సలహా.

ఆవిరి యంత్రం కన్నా 1816లో రాబర్ట్ స్టిర్లింగ్ పేటెంట్ పొందిన ఇంజన్‌నే నేను ఎంచుకుంటాను. ఆవిరి యంత్రంలో నీటిని కాచే బాయిలర్ పగిలితే మరుగునీటిలో కొంత ఒక్కసారిగా ఆవిరై సుమారు 1,600 రెట్లు వ్యాకోచిస్తుంది. ఇంట్లో అంతటి ముప్పు కొనితెచ్చుకోనక్కరలేదు.

కట్టెలను చీల్చి, గాలి ఆడే నీడలో పేర్చి, తేమ 20 శాతం లోపుకు వచ్చేదాకా ఆరబెట్టాలి. పచ్చికట్టె వేడిలో కొంత తన నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయి, మంట వేడి తగ్గుతుంది. చల్లని వైపు 60 డిగ్రీల సెల్సియస్ ఉండగా ఇంజన్ తల 600 నుంచి 400 డిగ్రీలకు పడిపోతే, సిద్ధాంతరీత్యా సాధ్యమైన గరిష్ఠ సామర్థ్యమే 62 శాతం నుంచి 50 శాతానికి దిగుతుంది.

చాలామంది మంట మీద పెట్టిన శ్రద్ధ చల్లని వైపు పెట్టరు. 300 వాట్ల ఇంజన్ గంటకు సుమారు 2 యూనిట్ల వేడిని ఆ వైపును చల్లార్చే నీటిలోకి వదులుతుంది కాబట్టి 200 లీటర్ల తొట్టెలోని నీరు గంటకు 9 డిగ్రీల దాకా వేడెక్కి, 25 డిగ్రీల దగ్గర మొదలైతే నాలుగు గంటల్లో 60కి చేరుతుంది. పది గంటలు నడపాలంటే 500 లీటర్ల తొట్టె గానీ, అదనంగా రేడియేటర్ గానీ ఉండాలి. నీటిని తిప్పే పంపును బ్యాటరీకే కలపండి. ఇంజన్ ఆగినా నిప్పులు ఆరవు కాబట్టి నీరు తిరుగుతూనే ఉండాలి.

జనరేటర్ కరెంటును రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చేది), ఛార్జ్ కంట్రోలర్ (బ్యాటరీ ఛార్జింగ్‌ను అదుపు చేసేది) ద్వారా బ్యాటరీకి, అక్కడి నుంచి ఇన్వర్టర్‌కు ఇవ్వాలి. ఫ్రిజ్ మొదలయ్యే క్షణంలో లాగే అధిక కరెంటును బ్యాటరీయే భరిస్తుంది. బ్యాటరీ నిండి జనరేటర్ నుంచి కరెంటు తీసుకోవడం ఆగిపోతే ఇంజన్ అదుపు తప్పి వేగం పుంజుకుంటుంది కనుక, మిగులు కరెంటు నీటి తొట్టెలోని హీటర్‌కు మళ్లేలా అమర్చడం తప్పనిసరి. పొయ్యి ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ (మంట నుంచి వచ్చే, వాసన లేని విషవాయువు) అలారం లేకుండా ఒక్క పూట కూడా వెలిగించవద్దు.

అదే మంటకు కరెంటు తగ్గితే ముందు చూడవలసినది ఇంజన్ తల మీది మసి. పూర్తిగా చల్లారాక బ్రష్‌తో శుభ్రం చేసి, మళ్లీ వాట్లు కొలిచి రాసిపెట్టుకోండి.